రక్తక్షేత్రం: స్థల నిర్ణయంపై ఒక వేదాంత విమర్శ

మారణకాండ స్మారకాన్ని చూసేవారు సాధారణంగా స్తూపాన్ని, ఫలకాన్ని గమనిస్తారు. అది ఊరిలో ఏ చోట ఉన్నదో ముందుగా చూడాలని మా అభిప్రాయం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల మెన్నొనైట్ బ్రదరన్ సంఘాల కాపరులను ఉద్దేశించి, ఈ దృష్టితో చుండూరులోని రక్తక్షేత్రాన్ని పరిశీలిస్తున్నాం.

1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లాలోని చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనెసంచుల్లో కట్టి కాలువలో పడవేశారు. ఐక్యరాజ్య సమితి 1948లో ఆమోదించిన జాతి నిర్మూలన నిర్వచనంలో కులం ప్రస్తావన లేదు. అయినా వారి మరణానికి కారణం కులమే. బ్రతికినవారు ఆ దేహాలను ఊరి నడుమ సమాధి చేసి, ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు.

వాడను, వాడ శ్మశానాన్ని ఊరి అంచుకు నెట్టినది కులం. ఆ అమరికను ఈ సమాధులు ధిక్కరించాయి. ఆదికాండము 4:10లో హేబెలు రక్తం నేలలోనుండి దేవునికి మొరపెడుతుంది. చుండూరు దళితులు ఆ మొరను దారిన పోయేవారందరికీ వినబడే చోట నిలిపారు.

బెర్లిన్‌లో 2005లో ప్రారంభమైన యూదుల స్మారకం కూడ నగరం నడుమనే ఉంది. పీటర్ ఐజెన్‌మన్ రూపొందించిన ఆ స్థలంలో 2,711 కాంక్రీటు దిమ్మెలున్నాయి. అక్కడ హంతక రాజ్యపు వారసులే తమ రాజధానిలో స్థలమిచ్చి నేరాన్ని ఒప్పుకొన్నారు. చుండూరులో ఆ భారం బాధితులే మోశారు. రక్తక్షేత్రంలో మనకు కనిపించే లోటు ఇదే. అది పశ్చాత్తాపపడని సమాజపు లోటు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులన్నది. అదే ఏట సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. తీర్పులు ఇట్లా మారుతున్నా సమాధులు తమ చోటనే ఉన్నాయి.

శాంతి సాక్ష్యం మెన్నొనైట్ సంఘాల స్వాస్థ్యం. దానిని 'జరిగినది మరచిపోండి' అనే బోధగా కుదిస్తే సువార్తకే నష్టం. యెహోషువ 4వ అధ్యాయంలో రాళ్లు నిలిపినది పిల్లలు అడగడానికి, పెద్దలు చెప్పడానికి. క్షమాపణను బోధించే కాపరి ముందుగా జ్ఞాపకానికి చోటివ్వాలి. తన సంఘస్థుల శ్మశానం ఎక్కడ ఉన్నది, దానికి పోయే దారి ఎవరి చేతిలో ఉన్నది అని అతడు అడిగి తెలుసుకోవడంతో ఈ పని మొదలుకావచ్చు.