ఫుట్‌పాత్‌కీ వేళలుంటాయి

పెళ్లి పట్టుచీరలంటే మా ఇంట్లో ఇప్పటికీ చెన్నై టి.నగరే. ఈ వారం వదినావాళ్లు కొట్లో కూర్చుని చీర మీద చీర విప్పించుకుంటుంటే, నేను బయటపడి పాండీ బజార్‌లో నడవడం మొదలుపెట్టాను. ఆ చివరిదాకా వెళ్లి, రోడ్డు దాటి, రెండో పక్క నుంచి వెనక్కి వచ్చాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా కొలబద్ద తెలుసు. కాళ్ల కింద ఏముందో చూసుకోకుండా, పక్క మనిషి మొహం చూసి మాట్లాడుకుంటూ ఎంత దూరం నడవగలం? ఆ దూరమే ఊరి గొప్ప. నా ముందు ఒక పెద్దావిడ చేతికర్రతో, మనవడికి ఏదో కథ చెబుతూ నడుస్తోంది. కథ ఎక్కడా ఆగలేదు. గొయ్యి వచ్చిందని, మూత లేని మ్యాన్‌హోల్ వచ్చిందని, బండి అడ్డొచ్చిందని ఒక్కసారి కూడా ఆమె మాట మధ్యలో తెగలేదు.

ఆ రోడ్డు అసలు పేరు త్యాగరాయ రోడ్డు. దాని కొసనున్న పార్కు, కాళహస్తిలో పుట్టి 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఏలిన పానగల్ రాజా పేరు మీద ఉంది. తెలుగు సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో మనవాళ్లు సగంమంది ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్లు. ఇదంతా పాత తరం పాఠకులు నాకంటే బాగా చెప్పగలరు. నాకు కావలసింది 2019 నవంబరు తర్వాతి పాండీ బజార్. దాదాపు 40 కోట్ల రూపాయలు పెట్టి అక్కడ వాహనాల దారి తగ్గించి, రెండు పక్కలా నడిచేవాళ్లకు విశాలమైన చోటు ఇచ్చారు. కూర్చోవడానికి బెంచీలు వేశారు. బండ్లను పూర్తిగా ఆపేయలేదు. అవీ పోతున్నాయి, మనుషులూ పోతున్నారు.

ఇది ఒక్క రాత్రిలో పుట్టిన ఆలోచన కాదు. చెన్నై కార్పొరేషన్ 2014లోనే ఒక విధానం రాసుకుంది. రవాణాకు పెట్టే డబ్బులో 60 శాతం నడకకూ సైకిలుకూ పోవాలన్నది అందులో మాట. ఆ మాట ఎంతవరకు నిలబడిందన్న చర్చ అలా ఉంచండి, కాగితం మీద అలా రాసుకున్న ఊరు మన దేశంలో అంతకుముందు లేదు. ఇంకో మంచి పని చేశారు. కాంక్రీటు పోయకముందు బారికేడ్లు పెట్టి, కుండీలు పెట్టి, రోడ్డు తాత్కాలికంగా ఇరుకు చేసి చూశారు. కొట్లవాళ్లు బేరాలు పోతాయని భయపడతారు, పోలీసులు ట్రాఫిక్ ఆగిపోతుందని భయపడతారు. ఆ భయాలను వాదనతో తీర్చలేం. ఒక ఆదివారం బారికేడ్లు పెట్టి చూపిస్తే వాళ్లే చూసుకుంటారు. మన దగ్గర టెండరు ముందు, తవ్వకం తర్వాత, ఆలోచన చివర. ట్రయల్ అన్న మాట ఎస్టిమేట్లలో ఎక్కడా కనబడదు.

రోడ్డు గీసేవాళ్లు మొదట పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏ రోడ్డు మీదైనా గంటకు ఎన్ని బండ్లు పోతాయన్నది దాని అతి ఇరుకైన చోటు చెబుతుంది. ఒకచోట నాలుగు వరసలు, ముందుకెళ్తే మూడు, గుడి దగ్గర రెండు, మళ్లీ నాలుగు అయితే ఆ నాలుగు వరసలు ఎవరికీ ఉపయోగపడవు. అక్కడ కార్లు ఆగుతాయి, ఆటోలు నిలబడతాయి, రెండో వరసలో ఇంకో కారు ఆగుతుంది. అందుకే తెలిసినవాళ్లు బండ్ల దారిని మొదలు నుంచి చివరదాకా ఒకే వెడల్పుతో గీసి, మిగిలిందంతా నడకకీ చెట్లకీ బస్టాపులకీ ఇస్తారు. బెంగళూరులో టెండర్‌ష్యూర్ పేరుతో తీర్చిన రోడ్లు ఈ సూత్రం మీదే ఉన్నాయి. అక్కడ కేబుళ్లూ పైపులూ ఫుట్‌పాత్ కింద గొట్టాల్లో పెట్టి, చూసుకోవడానికి గదులు వదిలారు. టైల్స్ వేసిన నెలకే ఎవరో వచ్చి రోడ్ కటింగ్ చేసే దుస్థితి తప్పాలంటే అదొక్కటే దారి. నేల కింద పని ముగియకుండా నేల మీద గ్రానైట్ వేయొద్దని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను, ఇంకా రాస్తాను.

మరి మన పెద్ద రోడ్లను కూడా పాండీ బజార్‌లా చేసేయమని అడగాలి కదా? చెన్నైలో ఆ మధ్యాహ్నం నేనూ అదే అనుకున్నాను. పూలు కొందామని చూసేదాకా.

పాత పాండీ బజార్ అంటే నాకు కొట్లు గుర్తుకు రావు. ఫుట్‌పాత్ పొడుగునా పరుచుకున్న గాజులు, క్లిప్పులు, చెప్పులు, ప్లాస్టిక్ డబ్బాలు, మల్లెపూల బుట్టలు గుర్తుకొస్తాయి. ఆ వరస ఇప్పుడు లేదు. ఈ విశాలమైన ఫుట్‌పాత్ రావడానికి ఆరేళ్ల ముందే, 2013లో, వాళ్లను అక్కడి నుంచి తీసి కార్పొరేషన్ కట్టించిన అంతస్తుల భవనంలోకి పంపారు. అక్కడక్కడా బుట్టలతో కొందరు ఉన్నారు. నేను మాట్లాడిన పూలామె పుత్తూరు వైపు మనిషి, తెలుగు చక్కగా మాట్లాడింది. లోపల చోటు అడగలేదా అంటే, “మేడెక్కి పూలు కొనేదెవురు సార్?” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పట్టుచీర కోసం మనిషి మూడంతస్తులు ఎక్కుతాడు. మూరెడు పూల కోసం ఎక్కడు. దారిలో కనబడితేనే ఆ బేరం ఉంది, లేకపోతే లేదు.

ఆ మాట నన్ను తీసుకెళ్లి ఆబిడ్స్‌లో పడేసింది.

హైదరాబాద్‌లో చదువుకున్న నా ఈడువాళ్లకు ఆదివారం ఆబిడ్స్ గురించి చెప్పక్కర్లేదు. వారమంతా ఆ ఫుట్‌పాత్ కొట్ల ముందు నడిచేవాళ్లది. ఆదివారం కొట్లు మూసి ఉంటాయి. దించిన షట్టర్లకు ఆనించి పాత పుస్తకాలు వచ్చి కూర్చుంటాయి. ముందు మందపాటి ప్లాస్టిక్ పట్టా పరుస్తారు, దాని మీద వెన్నులు పైకి పెట్టి వరసలు పేరుస్తారు, ఖరీదైనవి షట్టరు వైపు, పది రూపాయలవి జనం వైపు. రోడ్డు పక్క నడిచే జాగా వదులుతారు. వంగి పుస్తకం తీసేవాడి వెనక నుంచి ఇంకొకడు పోగలగాలి, లేకపోతే వాళ్ల బేరమే పాడవుతుంది. అందుకని ఆ దారి ఎప్పుడూ మూసుకుపోదు. ఎవరి పట్టా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఏ ప్లానులోనూ లేదు, అయినా అందరికీ తెలుసు. నేను ఇంజనీరింగ్ పుస్తకాల కోసం వెళ్లి నవలలతో తిరిగొచ్చేవాణ్ని. నాకు అలవాటైన ఒక పెద్దాయన దగ్గర ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలిసి ఉండేవి. ఆయనకు చదువు రాదు, అట్ట చూసి పుస్తకం పేరు చెప్పేవాడు. వానాకాలంలో మబ్బు చూసి పట్టా మడిచే వేగం చూడాలి. ఒకసారి అడిగాను, ఈ జాగాకు కాగితం ఏమైనా ఉందా అని. “జాగ మాది కాదు సార్. పొద్దుగూకేదాకా మాది” అన్నాడు.

సోమవారం పొద్దున అటు వెళ్తే నిన్న అక్కడ అంత లోకం ఉందని ఎవరూ అనుకోరు. షట్టర్లు లేచి ఉంటాయి, ఫుట్‌పాత్ మళ్లీ నడకది. ఒకే నేల, రెండు జీవితాలు, గొడవ లేదు. నగర ప్రణాళిక చదువుకున్నవాళ్లు గీసే పటాల్లో ఇది ఎక్కడ కనబడుతుంది? పటం ఒక్క క్షణాన్ని చూపిస్తుంది. వీధికి మాత్రం పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, ఆదివారం అని వేళలుంటాయి.

మా వైపు పెద్ద రోడ్డునే తీసుకోండి. పొద్దున ఆరింటికి బస్టాపు పక్కన ఇడ్లీ బండి వస్తుంది, కాలేజీ పిల్లల రద్దీ ముగిసేసరికి ఇడ్లీలూ అయిపోతాయి, బండి వెళ్లిపోతుంది. పదకొండింటికి అదే చోట జామకాయలు. నాలుగు తర్వాత పూలు. సాయంత్రం మిర్చి బండి. ముగ్గురు నలుగురు బతికే చోటు అది, పొడుగు రెండు మీటర్లుండదు. రాత్రి పది దాటాక మా మేనకోడలు బస్సు దిగాల్సిన స్టాపు ముందుది, కానీ మిర్చి బండి ఉన్న స్టాపులోనే దిగి మిగతా దారి నడుస్తుంది. అక్కడ బల్బు వెలుగుతుంది, నలుగురు నిలబడి ఉంటారు, బండి అన్నకు ఆమె మొహం తెలుసు. ముందు స్టాపులో కొత్తగా వేసిన టైల్స్ ఉన్నాయి, స్తంభం మీద లైటు కూడా ఉంది, మనిషి లేడు. ఆమె వెనక నడుస్తూ ఆ రెండు స్టాపుల తేడా చూసినప్పటి నుంచి, ఖాళీ ఫుట్‌పాత్ అంటే మంచి ఫుట్‌పాత్ అనే మాట నా నోట రావడం లేదు.

అలాగని నడిచేవాళ్ల దారి బండ్లకు రాసిచ్చేయమని నేననను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అడ్డంకి లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఉంది, ఎదురెదురుగా రెండు చక్రాల కుర్చీలు పోగలిగే వెడల్పు అది. బజార్లలో ఇంకా ఎక్కువ కావాలి. ఆ పట్టీ మీద బండి వద్దు, ట్రాన్స్‌ఫార్మర్ వద్దు, కొట్టువాడి మెట్లు వద్దు, బైకు అసలే వద్దు. కానీ ఆ పట్టీకీ రోడ్డుకీ మధ్య చెట్లూ స్తంభాలూ ఉండే ఇంకో పట్టీ ఉంటుంది కదా, బండి చోటు అక్కడ. ఆ చోట ఒక కుళాయి, ఒక ప్లగ్గు, మురుగు పోయే జాలీ ఉంటే మిర్చి బండి నూనె, గిన్నెలు కడిగిన నీళ్లు నడక మీదికి రావు. మనం బండివాడి మీద వేసే నిందల్లో సగం, అతనికి నీటి ఏర్పాటు చేయనందువల్ల వచ్చినవే.

చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేయాలి, సర్టిఫికెట్లు ఇవ్వాలి, అంతవరకు ఎవరినీ లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో పదిమందిలో నలుగురు వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. వీధి వ్యాపారుల దగ్గర తైబజారు రుసుము వసూలు చేసిన రోజుల్లో ఏ బండి ఎక్కడ నిలబడుతుందో వసూలు చేసేవాడికి గుర్తుండేది. డబ్బు తీసుకోవడానికి గుర్తున్న మనిషి, ప్లాను గీసేటప్పుడు గుర్తుకు రాకపోవడం అన్యాయం.

చెన్నైలో నా మనసు నింపిన వెడల్పును నేను తక్కువ చేయడం లేదు. ఆ పెద్దావిడ కథ ఆగకుండా సాగిన నడక ప్రతి ఊళ్లోనూ కావాలి. అయితే మా రోడ్డుకు అంత వెడల్పు అడగను. వరసలు తగ్గించి, వాహనాల దారిని ఒకే కొలతకు తెచ్చి, రెండున్నర మీటర్ల శుభ్రమైన నడక దారి, దాని పక్కన రెండు మీటర్ల బండ్ల పట్టీ ఇస్తే చాలు. మిగతా చోటు బస్టాపుకూ రోడ్డు దాటే చోటుకూ పోవాలి. అక్కడి అంతస్తుల భవనం మాత్రం ఇక్కడికి వద్దే వద్దు.

రోడ్డు గీసేవాళ్లకు నా మాట ఇది: ఎస్టిమేటు వేసే ముందు ఒక వారం, ఇద్దరు మనుషులను పొద్దున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా రోడ్డు మీద నిలబెట్టండి. ఎవరు ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా ఉంటున్నారో రాయించండి. ఆదివారం వదలొద్దు. ఆ లెక్క ముందు పెట్టుకుని పొద్దుటి రోడ్డుకొక పటం, సాయంత్రానికొకటి, రాత్రికొకటి గీయండి. వాటిని ఆఫీసు నోటీసు బోర్డులో పెట్టొద్దు. తెలుగులో, ఉర్దూలో పేర్లు రాసి, ఇడ్లీ బండినీ పూల బుట్టనీ కూడా గీసి, ఆ బస్టాపులోనే తగిలించండి. అభ్యంతరాలకు నెల రోజులు గడువివ్వండి, చదువు రానివాళ్ల మాట నోటితో విని రాసుకునే మనిషిని కూడా అక్కడ కూర్చోబెట్టండి.