పుంజా, పెట్టయా? కోడిపిల్లను గుర్తించు విద్య

ఇరువదియొక్క దినములు పొదిగిన పిమ్మట పెంకు పగులగొట్టుకొని వెలికివచ్చిన కోడిపిల్ల, నూగు ఆరినంతనే తన కాళ్లపై తాను నిలిచి తల్లివెంట గింజ లేరుకొన నేర్చును గాని, తాను పుంజో పెట్టయో తెలుపు చిహ్నమును సామాన్యనేత్రమునకు చూపదు. జుట్టు పెరిగి ఎర్రవారుటకు వారములు గడువవలెను. మెడమీదను నడుముమీదను పుంజునకు సహజములైన మొనదేలిన యీకలు కనబడుటకు ఇంచుమించు మూడు నెలలు పట్టును. పెరటిలో నాలుగు కోళ్లను పెంచుకొను ఇల్లాలికి ఈ నిరీక్షణ భారము కాదు. ఒక్క ఉదయమున వేలకొలది పిల్లలు వెలువడగా, వానిలో గ్రుడ్లుపెట్టు పెట్టలను మాత్రమే ఏరి పంపవలసిన హేచరీవారికి ప్రతిదినమును మేతఖర్చే. ఈ యక్కరనుండి గడచిన నూరేండ్లలో ఒక అపూర్వమైన హస్తకౌశలము రూపొందినది. దానిని వింతగా చెప్పుకొనువారే గాని విద్యగా గౌరవించువారు మనలో అరుదు.

ముందుగా జాతిని గూర్చి చెప్పవలెను, ఏలయన లింగనిర్ణయమునకు పనికివచ్చు గుర్తులలో సగము జాతి నెరిగినవారికే పనికివచ్చును. పసిపిల్ల జాతిని తెలుపునది నూగు రంగుకంటె దేహనిర్మాణము. మన గోదావరి, కృష్ణా తీరములలో సంక్రాంతి పందెములకై తరతరములుగా పెంచబడుచున్న అసీలు కోడిపిల్ల, వెడల్పైన తలతో, బలిసిన కాళ్లతో నిలువుగా నిలుచును. పరికించి చూచినచో, నిలువుగా లేచు ఒంటిజుట్టునకు మారుగా, తలపై అణగియున్న మూడు సన్నని వరుసలుగా దాని జుట్టు మొదటనే గోచరించును. కాకి, డేగ, సేతు, నెమలి అని పందెగాండ్రు పలుకు పేర్లు జాతులు కావు, వన్నెలు. అవియు పెరిగిన కోడి యీకలనుబట్టి ఏర్పడినవి. నూగును చూచి ఇది డేగ యగునని బేరమాడుట సాహసమే, ఏలయన వీపుపై అడవికోడిపిల్లవలె చారలు గల పిల్ల పెరిగి ఏ వన్నెకు తిరుగునో తల్లిదండ్రుల నెరిగినవాడు సైతము ఊహింపగలడే గాని శాసింపలేడు. ఝాబువా ప్రాంతపు కడక్‌నాథు పిల్ల నల్లని చర్మముచేతను, సిల్కీ పిల్ల కాలికి అయిదేసి వ్రేళ్లచేతను, మెడబోడి జాతి పిల్ల పుట్టుకతోనే నూగులేని మెడచేతను తమ్ము తామే చాటుకొనును. వనరాజ, గ్రామప్రియ వంటి, హైదరాబాదులోని రాజేంద్రనగర పరిశోధనాలయమున రూపొందిన సంకరముల విషయమున మాత్రము పిల్లను చూచి పేరు చెప్పుటకంటె అమ్మినవానిని అడుగుట మేలు.

లింగవిషయమున మానవుని ఊహలు మిక్కిలి ప్రాచీనములు. మొనదేలిన గ్రుడ్డునుండి పెట్టలు వచ్చునని గ్రీకుదేశపు అరిస్టాటిలు వ్రాసెను. అట్టి గ్రుడ్డునుండి పుంజులు వచ్చునని రోమను వ్యవసాయశాస్త్రకారుడు కొలుమెల్లా వ్రాసెను. పరస్పరవిరుద్ధములైన ఈ రెండు మతములును శతాబ్దములపాటు నిలిచియుండుటకు కారణము సులభముగనే తెలియును: ఏ పిల్లను పట్టుకొని ఏమి చెప్పినను రెండింట ఒకమారు అది నిజము కాక తప్పదు. దారమునకు ఉంగరము కట్టి గ్రుడ్డుపై ఊపువారి ప్రతిష్ఠయు ఈ సగము నిజముమీదనే నిలిచియున్నది. కనుక ఈ విద్యలో ఏ పద్ధతినైనను పరీక్షింపదలచువాడు నూటికి ఏబదిని సున్నగా నెంచి అచ్చటనుండి లెక్క ప్రారంభింపవలెను.

ఆ ఏబదిని తొంబదియెనిమిదికి చేర్చిన ఘనత జపానువారిది. 1920ల మధ్యకాలమున మసుయి కియోషి, హషిమోటో జూరో మున్నగు శాస్త్రజ్ఞులు, ఒకనాటి పిల్ల మలద్వారపు లోపలి అంచున, పుంజులలో ఆవగింజకంటెను చిన్నదైన ఒక బొడిపె ఉండుననియు, పెట్టలలో అది లేకుండుటయో అణగియుండుటయో జరుగుననియు నిరూపించిరి. 1927లో కెనడా దేశపు ఒటావా నగరమున జరిగిన ప్రపంచ కుక్కుట మహాసభయందు ఈ సంగతి లోకమునకు వెల్లడియైనది. చెప్పుటకిది రెండు మాటలే; చేయుట వేఱు. పిల్ల పుట్టిన మొదటి దినముననే పని ముగియవలెను, ఆపై ఆ మడతలు బిగిసికొని మారిపోవును. తీక్ష్ణమైన దీపము క్రింద కూర్చుండి, పిల్లను ఎడమచేతి గుప్పిట నిమిడించి, పొట్టపై మృదువుగా నొక్కి మలమును వెడలింపవలెను. పిదప బొటనవ్రేళ్లతోడను చూపుడువ్రేలితోడను ద్వారమును విప్పి, లోనున్న బొడిపెను ఒక్క క్షణము చూచి, పుంజునొక పెట్టెలోనికి, పెట్టనొక పెట్టెలోనికి విడువవలెను. ఆరితేరిన నిపుణులు గంటకు వేయి పిల్లలవరకు ఈ రీతిగా వేరుపరతురు. నొక్కుట కొంచెము మీరినచో ప్రేగులు చెడి పిల్ల మరణించును గనుక, గురువులేక దీనిని ప్రయత్నించుట జీవహింసయే యని నిర్మొగమాటముగా చెప్పుచున్నాను.

కష్టమంతయు అపవాదములలో నున్నది. పెట్టలలో కొన్నింటికి బొడిపె ఉబ్బియుండును. పుంజులలో కొన్నింటికి అది చిదికినట్లుండును. గుండ్రముగా, మెఱయుచు, వ్రేలు సోకినను నిలిచియుండునది పుంజు చిహ్నము. మెత్తనై వెంటనే అణగిపోవునది పెట్ట చిహ్నము. ఈ భేదమును మాటలలో చెప్పలేమని నిపుణులే అనుకొనుచుండిరి. శిష్యుడు తీర్పు చెప్పుట, గురువు ఔననుటయో కాదనుటయో, ఇట్లు నెలల తరబడి సాగు అభ్యాసమే బోధన. 1930ల నుండి జపాను నిపుణులు అమెరికా హేచరీలకు ఆహ్వానితులైరి. అచ్చట పుట్టిన జపానీ యువకులును దీనిని నేర్చిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున నిర్బంధశిబిరములలో పెట్టబడినవారిలో కొందరికి శిబిరము వీడి బ్రతుకు వెతుకుకొనుటకు ఈ వ్రేళ్ల నేర్పే ఆధారమైనది. తరువాతి కాలమున కొరియావారు ఈ వృత్తిలో ప్రసిద్ధులైరి. 2020 నాటి ‘మినారి’ చలనచిత్రము అట్టి దంపతుల కథయే.

అయితే మాటలకందనిదని చెప్పబడిన ఈ జ్ఞానమును మాటలలో పెట్టుట సాధ్యమని 1987లో బీడర్మన్, షిఫ్రార్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞులు చూపిరి. చిరకాలానుభవము గల ఒక నిపుణుని ప్రశ్నించి, ఎచ్చట చూడవలెనో, అచ్చటి ఆకారము ఉబ్బెత్తో, పల్లమో, చదునో ఎట్లు గ్రహింపవలెనో ఒకే కాగితముపై వ్రాసి, ఏమియు నెరుగనివారికి ఇచ్చిరి. చిత్రములను చూచి నూటికి సుమారు 60 మాత్రమే సరిగా చెప్పిన ఆ నూతనులు, ఆ కాగితము చదివిన పిదప 84వరకు చెప్పగలిగిరి. వ్రేళ్ల నేర్పు చిత్రములలో అబ్బదు, నిజమే. కాని కంటి నేర్పులో పెక్కు భాగము సరియైన చోటును, సరియైన ప్రశ్నను చూపుటచేతనే సంక్రమించునని ఇందువలన ధ్రువమగుచున్నది.

వేఱొక మార్గము కేంబ్రిడ్జిలో తెరవబడినది. పక్షులలో పుంజునకు రెండు జెడ్ క్రోమోసోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యు ఉండును గనుక తల్లి జెడ్ కొమాళ్లకే గాని కూతుళ్లకు చెందదు. ఈకలపై తెల్లని అడ్డచారలు కలిగించు ప్రబలమైన లక్షణము ఈ జెడ్ మీదనే యున్నది. కావున చారలు గల పెట్టను చారలు లేని నల్లని పుంజుతో జతపరచినచో, పుట్టిన పిల్లలలో తలపై తెల్లని మచ్చ గలవన్నియు పుంజులు, మచ్చ లేనివన్నియు పెట్టలు. పన్నెట్టు, పీజు అను శాస్త్రజ్ఞులు ఇంకను ముందుకు పోయి, తరతరములును నూగు రంగే లింగమును చాటునట్టి కాంబారు, లెగ్‌బారు జాతులను సృష్టించిరి. నేటి హేచరీలు కొన్ని రెక్కయీకల వేగమును వాడుకొనును: తగిన సంకరములలో ఒకనాటి పెట్టపిల్లకు రెక్క అంచున పొడుగీకలు పైయీకలను మించియుండును, పుంజుపిల్లకు రెండును సమానముగనో పైవే పొడవుగనో ఉండును. తల్లిదండ్రులను ఇందుకై ఎంపికచేయని నాటుకోళ్ల రెక్కలు చూచి తీర్పు చెప్పువాడు మరల ఏబదికే దిగజారును.

ఈ విద్యకు ఒక విషాదమున్నది, దానిని దాచరాదు. గ్రుడ్లకోళ్ల జాతులలో పుంజుపిల్లకు మాంసము చాలదు, గ్రుడ్డు లేదు. ఏటేట ప్రపంచమున కొన్ని వందల కోట్ల పిల్లలు పుట్టిననాడే చంపబడుచున్నవి. మన వీధులలో గులాబి, ఆకుపచ్చ రంగులద్ది పిల్లలకు ఆటవస్తువులుగా అమ్మబడునవియు తరచుగా ఈ వెలివేయబడిన పుంజులే. జర్మనీ 2022 ఆరంభమునుండి ఈ వధను నిషేధించినది. గ్రుడ్డులోనే లింగమును కనుగొను యంత్రములు అచ్చట వాడుకలోనికి వచ్చినవి. యంత్రము చేతిని తొలగించుట ఈ ఒక్కచోట మేలని మనఃపూర్వకముగా ఒప్పుకొనుచున్నాను.

అసీలు పిల్ల విషయమున అట్టి యంత్రము మన పల్లెకు రాబోదు. దాని జుట్టు చిన్నది, ఈకలు మెల్లగా వచ్చును. ఇతర జాతులకు పనికివచ్చు గుర్తులు దానియందు ఆలస్యముగా తోచును. ఒకే పొదుగు పిల్లలను ప్రక్కప్రక్కన నుంచి, కాలి లావును, జుట్టు ఎఱుపును, నడకను వారము వారము పోల్చి చూచు మన పెంపకందార్ల కన్ను ఇప్పటికిని మాటలలోనికి రాలేదు. మన పశువైద్య కళాశాలలు ఆ పెంపకందార్లను పిలిచి ప్రశ్నించి, పిల్లకు గుర్తు వేసి, వారు నెలలోపల చెప్పిన తీర్పును మూడు నెలల పిదప సరిచూచి, నూటికి ఎన్ని నిజమైనవో చిత్రములతో ప్రకటింపవలెను.