పాము చావదు, కర్ర విరగదు: ఆఫ్రికా విషసర్పాలను పట్టే విద్య

ఇంట్లో దూరిన విషసర్పాన్ని చంపకుండా, కాటు పడకుండా పట్టి, దానికి తగిన చోట వదిలిరావడం ఆఫ్రికా దక్షిణ, తూర్పు ప్రాంతాల్లో దాదాపు నూరేళ్లుగా పదునెక్కుతూ వచ్చిన విద్య. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనే మాటతో తెలుగులో ఎటూ తేల్చని మనిషిని దెప్పుతారు. ఈ విద్యలో మాత్రం అది దెప్పిపొడుపు మాట కాదు, పనికి పెట్టుకున్న షరతు. బ్లాక్ మాంబా, పఫ్ ఆడర్, ఉమ్మే నాగు, బూమ్‌స్లాంగ్ లాంటి పాముల దగ్గర ఆ షరతులో ఏ సగం తప్పినా ఒక ప్రాణం పోతుంది.

ఈ విద్యకు ఇప్పుడు గట్టి పీఠం దక్షిణాఫ్రికాలోని డర్బన్. కొండల మీద ఇళ్లు, వాటి నడుమ లోయల్లో అడవి. ఆ అడవిలో ఎలుకలు, కోతులు, కుందేలంత ఉండే డాసీలు. వాటికోసం మాంబాలు. 1860 నవంబరులో మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడతో మొదలై, చెరకు తోటల్లో పనికి దిగిన వేలమంది భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. చెరకులో ఎలుక, ఎలుక వెనక పాము. కోస్తా రైతుకు తెలిసిన లెక్కే అక్కడా నడిచింది. భారతీయ సంతతి ఎక్కువగా ఉండే రిజర్వాయర్ హిల్స్ లాంటి పేటల నుంచి ఇప్పటికీ పాము పట్టేవాళ్లకు ఫోన్లు వెళుతూనే ఉంటాయి.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. పోర్ట్ ఎలిజబెత్ మ్యూజియం డైరెక్టరు ఎఫ్.డబ్ల్యూ. ఫిట్జ్‌సైమన్స్ మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో అక్కడ పాముల పార్కు నడిపాడు. పుస్తకాల మీద పేరు ఆయనది. పాముల మధ్య నిలబడి, వాటిని చేతబట్టి జనానికి చూపించిన పనివాడు జొహానెస్ మొలికోయే. అతడు తిన్న కాట్లకు లెక్కలేదని, అయినా పని మానలేదని చెబుతారు. చేయి ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం ఈ విద్యను పుట్టినప్పటినుంచీ పట్టిన దోషం.

గురువుల్లో మొదట తలచుకోవలసినవాడు సి.జె.పి. అయోనిడిస్ (1901-1968). అప్పటి టాంగన్యీకాలో వన్యమృగాల అధికారిగా పనిచేస్తూ పాముల మాయలో పడ్డాడు. నెవాలా చుట్టుపక్కల చెట్ల మీది గ్రీన్ మాంబాలను పొడుగాటి గడలకు బిగించిన పట్టకారుతో దించేవాడు. గాబూన్ వైపర్‌ను ఆయన పట్టిన తీరు మాత్రం ఏ పాఠానికైనా తలమానికం. వైపర్లన్నిటిలోకీ బరువైన పాము అది. కోరలు అయిదు సెంటీమీటర్ల దాకా ఉంటాయి. ఎండుటాకుల్లో పడుకుంటే ఆకేదో పామేదో తెలియదు. అయోనిడిస్ ముందు పట్టకారు కొసతో దాని నడినెత్తిని మెల్లగా తాకి, కోపం వస్తుందో లేదో చూసేవాడు. చాలాసార్లు రాదు. అప్పుడు పట్టకారు పక్కన పెట్టి, ఒక చేత్తో మెడ, రెండో చేత్తో ఒళ్లు ఆనించి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి పెట్టెలో పెట్టేవాడు. పాము గింజుకోవడం కూడా అరుదు. ఆ మొదటి తాకిడి ఒక ప్రశ్న. పామును అడగకుండా పట్టుకోకపోవడంలోనే ఆయన గొప్పతనమంతా ఉంది.

ఈ విద్యలో మొదటి మెట్టు గుర్తుపట్టడం. బ్లాక్ మాంబా ఒళ్లు నల్లగా ఉండదు. బూడిద రంగులోనో మట్టి రంగులోనో ఉంటుంది. నలుపు నోటి లోపల. సగటున రెండున్నర మీటర్లు, అరుదుగా కొన్ని నాలుగు మీటర్లు దాటుతాయి. దాని వేగం గురించి చెప్పుకునే కథల్లో సగానికి సగం కోత. పరుగెత్తే మనిషిని తరిమి పట్టుకునేది కాదు, తన కన్నం వైపు పారిపోయేది. ఆ దారికి మనిషి అడ్డు నిలిస్తేనే ప్రమాదం. పఫ్ ఆడర్ ఇందుకు భిన్నం. కదలదు, బుసకొడుతూ పడుకుంటుంది, తెలుగువాళ్లకు తెలిసిన రక్తపింజరి తరహా. ఒళ్లు మందం, కాటు మాత్రం కంటికందని వేగం.

రెండో మెట్టు పనిముట్లు. కొక్కెం, పట్టకారు, పారదర్శకమైన గొట్టం, బిగుతు మూత ఉన్న బకెట్, కళ్లజోడు, టార్చి. అంతే. కొక్కెం ఎత్తడానికి, పట్టకారు ఆపడానికి. పట్టకారుతో పామును నొక్కకూడదు, ఊతంగా పట్టాలి. పక్కటెముకల మీద ఒత్తిడి పడగానే పాము తన ప్రాణం పోతోందనుకుని తిరగబడుతుంది. చివర చీలిన కర్రతో మెడను నేలకు అదిమే పాత పద్ధతిని మంచి పనివాళ్లు ఎప్పుడో వదిలేశారు. మందపాటి తోలు చేతితొడుగులనూ నమ్మరు. అవి చేతికి స్పర్శ లేకుండా చేసి మనసుకు దొంగ ధైర్యం ఇస్తాయి.

గొట్టం పద్ధతి ఈ విద్యలోకెల్లా ముచ్చటైనది. ఒకవైపు సంచీ కట్టిన ప్లాస్టిక్ గొట్టాన్ని గోడ వారగా, నాగుపాము ముందు నేలమీద పెడతారు. మనుషులు వెనక్కు తగ్గి కదలకుండా నిలబడతారు. పాముకు కావలసింది చీకటి, కన్నం. తల ఎత్తి చూస్తుంది, నాలుక ఆడిస్తుంది, పడగ దించుతుంది, తనంతట తానే గొట్టంలోకి జారి సంచీలో చుట్ట చుట్టుకుంటుంది. చేయి పాముకు తగలనే లేదు. చూసేవాళ్లకు ఇందులో ఏ వినోదమూ ఉండదు. తెలిసినవాళ్లకు ఇదే పనితనం.

ఇంటి పైకప్పు లోపల దూరిన మాంబా అసలైన పరీక్ష. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు టార్చి పట్టి కన్నాలు కనిపెడతారు, ఇంకొకరు మోకాళ్ల మీద దూలాల వెంట పాకుతారు. వెలుగులో ముందు కనబడేది సాధారణంగా తోకే. నేర్పరి తోక పట్టి లాగడు. అలా లాగితే మాంబా తన ఒంటి మీదుగానే వెనక్కు తిరిగి రాగలదు. పట్టకారును తల వెనక, ఒంటి పొడవులో మూడోవంతు దగ్గర తేలిగ్గా వేసి, పామును ముందుకు జారనిస్తూ, పట్టును అంగుళం అంగుళం మెడ వైపు జరుపుతాడు. మెడ అందాక పట్టకారు స్థానంలో వేళ్లు వస్తాయి. బొటనవేలు, నడిమివేలు దవడల రెండు వైపులా, చూపుడువేలు నెత్తి మీద. బకెట్‌లోకి తోక ముందు, ఒళ్లు తరువాత, తల అన్నిటికన్నా చివర. చేయి వదలడం, మూత పడటం ఒకే క్షణంలో జరగాలి. పట్టేటప్పటికన్నా వదిలేటప్పుడే కాట్లు పడతాయని ఈ పనిలో ముదిరినవాళ్లంతా చెబుతారు. డర్బన్‌లో నిక్ ఎవాన్స్ ఈ పనికి పేరుపడ్డవాడు. జనం గుమిగూడిన వాకిట్లోంచి మాంబాను బయటికి తెస్తూ, దాని గురించి వాళ్లకు పాఠం చెప్పి మరీ వెళ్లగల ఓపిక ఆయనది.

ఒక పాముకు పనికొచ్చిన పట్టు ఇంకో పాముకు పనికిరాదు. మొజాంబిక్ ఉమ్మే నాగు రెండు మూడు మీటర్ల దూరం నుంచి కళ్లకు గురిపెట్టి విషం చిమ్ముతుంది. దాని దగ్గర కళ్లజోడు లేకపోతే ఏ నేర్పూ అక్కరకు రాదు. కంట్లో పడితే ఆపకుండా నీళ్లతో కడగడమే తక్షణ వైద్యం. రింకాల్స్ అనే పాము చచ్చినట్టు నటిస్తుంది, నోరు తెరిచి వెల్లకిలా పడుకుంటుంది. జాలిపడి ఎత్తినవాడిని కరుస్తుంది. స్టిలెట్టో పాము చిటికెన వేలంత సన్నం. దాన్ని మెడ దగ్గర పట్టడమే తప్పు. నోరు మూసే ఉంచి కోరను పక్కనుంచి బయటికి తిప్పి వేలిలో దింపుతుంది. దానికి విరుగుడు మందు లేదు. డబ్బాలోకి తోయడం ఒక్కటే మార్గం. బూమ్‌స్లాంగ్ సాధువు, కోరలు వెనక ఉంటాయని ఒకప్పుడు పండితులే తేలిగ్గా తీసుకున్నారు. 1957 సెప్టెంబరులో షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో కార్ల్ పి. ష్మిట్ అనే మహా సరీసృప శాస్త్రవేత్తను ఒక చిన్న బూమ్‌స్లాంగ్ కరిచింది. ఆయన తన లక్షణాలను తానే రాసుకుంటూ, మరునాడు రక్తస్రావంతో చనిపోయాడు. తెలిసినవాడు కూడా తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

వదలడం కూడా విద్యే. ఎంత దూరం తీసుకెళితే అంత మంచిదని ఇంటివాళ్లు అనుకుంటారు. కొత్త చోట పాముకు దాగే కన్నం తెలియదు, నీటి జాడ తెలియదు. దిక్కు తెలియక తిరిగి తిరిగి చస్తుంది. అందుకే అదే లోయలో, ఇళ్లకు ఎడంగా, చెట్టూ బండా ఉన్న చోట వదలడం మేలు. క్వాజులు-నాటాల్‌లో పాములు పట్టడానికి ప్రభుత్వ వన్యప్రాణి శాఖ అనుమతి పత్రం తప్పనిసరి. యోహాన్ మారే నడిపే ఆఫ్రికన్ స్నేక్‌బైట్ ఇన్‌స్టిట్యూట్‌లో పాములను గుర్తించడం, కాటుకు ప్రథమ చికిత్స, పట్టడం కలిపే నేర్పుతారు. ఎస్వాతినిలో థియా లిచ్‌కా-కోన్ పల్లెపల్లెకూ స్వచ్ఛందంగా పాములు పట్టేవాళ్లను తయారుచేశారు. కెన్యాలోని వటాములో జేమ్స్ యాష్ దంపతులు 1980లో మొదలుపెట్టిన బయో-కెన్ పాముల కేంద్రం కూడా ఆ కోవదే.

ఇంత సాధనతో నిలిచిన విద్యను ఇప్పుడు ఫోన్ కెమెరా దిగజారుస్తోంది. నాగుపాము పడగను ముద్దుపెట్టుకోవడం, మాంబాను తోకపట్టి గిరగిరా తిప్పడం, పఫ్ ఆడర్‌ను ఒట్టి చేత్తో ఎత్తి నవ్వడం ధైర్యం కిందికి రావు, పనితనం కిందికి అసలే రావు. విషగ్రంథులు కోయించిన పాముతో సాహసం ప్రదర్శించేవాడికి, కోరలు పీకిన పాముతో సంతలో డబ్బులడిగేవాడికి తేడా ఒక్కటే. రెండోవాడు ఆకలితో చేస్తాడు. పళ్లు పదునుగా ఉన్న నాసిరకం పట్టకార్లు అమ్మేవాళ్లదీ అదే పాపం. పాము బతికి పోయినట్టే కనిపిస్తుంది, లోపల ఎముకలు విరిగి పొదలో చస్తుంది. గొట్టం పెట్టి పది నిమిషాలు మౌనంగా నిలబడే మనిషిని ఎవరూ చూడరు. పెట్రోలు ఖర్చు కూడా గిట్టని ఫోనుకు అర్ధరాత్రి లేచి వెళ్లేది మాత్రం అతడే.

నాసిరకం సరుకు ప్రాణం తీసే చోటు ఇంకొకటుంది, అది పాముకాటు మందు. జొహానెస్‌బర్గ్‌లో గుర్రపు రక్తంతో తయారయ్యే విరుగుడు మాంబాలు, నాగులు, పఫ్ ఆడర్ సహా పది రకాల పాములకు పనిచేస్తుంది. బూమ్‌స్లాంగ్‌కు వేరే మందు. విరుగుడు అందేదాకా మాంబా కాటు తిన్నవాడి ఊపిరి ఆగకుండా చూడగలిగితే బతికే అవకాశం ఉంది. మంచి మందుకు ఖరీదు ఎక్కువ, కొరత ఇంకా ఎక్కువ. పేరున్న ఫావ్-ఆఫ్రిక్ మందు తయారీని కంపెనీ 2014లో ఆపేసింది. ఘానా గ్రామీణ ప్రాంతంలో ఒకచోట పాత మందు బదులు ఆసియా నుంచి వచ్చిన చవక మందు వాడితే, కాటు తిన్నవారిలో మరణాలు 1.8 శాతం నుంచి 12.1 శాతానికి ఎగబాకాయి. ఒక ప్రాంతపు పాముల విషంతో చేసిన మందు ఇంకో ప్రాంతపు పాముకు విరుగుడు కాకపోవచ్చనే చిన్న సంగతిని లెక్కచేయనందుకు పడిన మూల్యం అది. పాముకాటును ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది 2017లో. చేర్చడానికే అంతకాలం పట్టింది.

పాము కనబడిన ఇంటివాళ్ల పని తక్కువే, కానీ సగం విద్య అందులోనే ఉంది. పిల్లలను, కుక్కలను దూరంగా ఉంచాలి. కర్ర, వేడినీళ్లు, రాళ్లు ముట్టకూడదు. పాము గదిలో ఉంటే తలుపు మూసి, తలుపు కింది సందులో తువ్వాలు కుక్కాలి. బయట ఉంటే నాలుగైదు మీటర్ల ఎడం నుంచి ఒక మనిషి చూపు తిప్పకుండా దాన్నే గమనిస్తూ ఉండాలి. ఎటు వెళ్లిందో తెలియని పాము కోసం ఇల్లంతా వెతకడంకన్నా కష్టమైన పని పాము పట్టేవాళ్లకు ఇంకొకటి లేదు.