తానీషా నగరం: విన్న మాట, చూసిన మాట

శ్రీరామనవమికి మన పిల్లల చేత రామదాసు నాటిక వేయించాలని అనుకున్న సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. తానీషా వేషం హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన ఒక మిత్రుని కుమారుడికి ఇచ్చాం. కుర్రవాడు చక్కగా మాట్లాడతాడు, ఇంట్లో ఉర్దూ అయినా తెలుగులో తడుముకోడు. రెండో రిహార్సల్ అయ్యాక తండ్రి ఫోన్ చేసి, "అన్నా, వాడికి పరీక్షలున్నాయి, ఈసారికి వదిలేయండి" అన్నారు. పరీక్షలు ఎప్పుడో మనకందరికీ తెలుసు. అసలు కారణం నాటికలో తానీషా నోట పెట్టిన ఒక డైలాగు. మీ దేవుడు గొప్పా, మా దేవుడు గొప్పా అనే ధోరణిలో అది నడుస్తుంది. చప్పట్లు పడతాయని రాశారు. రాసింది మరెవరో కాదు, నేనే.

ఆ డైలాగు నాకు ఎక్కడినుంచి వచ్చింది? ఏ పుస్తకంలోనూ చదవలేదు. సినిమాల్లోంచో, హరికథల్లోంచో, గాలిలోంచో వచ్చి నా కలంలో కూర్చుంది. అందుకని ఆ కాలం గురించి రాసినవాళ్లు ఏం రాశారో నాకు చేతనైనంత మేరకు వరుసగా చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం. నాగయ్యగారి 1964 చిత్రాన్నో, 2006 చిత్రాన్నో తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. రాసినవాళ్లలో ఎవరు తాము చూసింది చెప్పారు, ఎవరు విన్నది చెప్పారు, ఎవరికి ఏ అవసరం ఉండి చెప్పారు అన్నది మాత్రమే ఇక్కడి విచారణ.

ముందుగా ఒక దూరదేశపు ఉదాహరణ చెప్పి మన ఊరికి వస్తాను. అదే పదిహేడో శతాబ్దంలో ఐర్లాండులో కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య ఘోరమైన కలహం జరిగింది. 1641 లో కాథలిక్కులు తిరగబడ్డారు. ఊళ్లు వదిలి డబ్లిన్ నగరానికి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ల చేత అధికారులు ప్రమాణం చేయించి వాంగ్మూలాలు రాసుకున్నారు. అవి దాదాపు ఎనిమిది వేలు. ఇప్పటికీ డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో భద్రంగా ఉన్నాయి. వాటిలో మనిషి ముందుగా చెప్పేది తన నష్టాల పట్టీ: ఇన్ని ఆవులు, ఇంత ధాన్యం, ఇంత ఇంటి సామాను, రావలసిన బాకీలు ఇన్ని పౌనులు. ఆ తరువాత వచ్చేవి చాలాచోట్ల "ఫలానా వారు చెప్పగా విన్నాను" అన్న మాటలు. ఘోరాలన్నీ విన్నవే అని కాదు, కళ్లారా చూసినవాళ్లూ ఉన్నారు. కానీ రెండూ ఒకే కాగితం మీద కలిసిపోయాయి.

విచారణ సంఘానికి పెద్దగా ఉన్న హెన్రీ జోన్స్ అనే మతగురువు 1642 లోనే కొన్ని వాంగ్మూలాలను ఏరి లండనులో అచ్చువేయించాడు. 1646 లో జాన్ టెంపుల్ అనే పెద్ద ఉద్యోగి వాటిలో అతి భయంకరమైనవి ఏరి పెద్ద గ్రంథమే చేశాడు. రెండేళ్లలోపు మూడు లక్షల మంది ప్రాణాలో ఇళ్లో పోగొట్టుకున్నారని అందులో లెక్క కట్టాడు. తిరుగుబాటు తొలి నెలల్లో చనిపోయిన ప్రొటెస్టెంట్లు కొన్ని వేల మంది ఉంటారని ఈనాటి చరిత్రకారులు అంటున్నారు. కొన్ని వేలంటే తక్కువేమీ కాదు. ప్రతీకారంగా చచ్చిన కాథలిక్కుల లెక్క మాత్రం ఆ పుస్తకాలకు ఎక్కలేదు. 1649 సెప్టెంబరులో క్రామ్‌వెల్ ద్రోగెడా పట్నాన్ని పట్టుకుని సుమారు మూడు వేల మందిని చంపించి, అమాయకుల రక్తానికి దేవుడు తీర్చిన తీర్పు ఇది అని రాశాడు. విచిత్రమేమంటే ద్రోగెడా 1641 లో తిరుగుబాటుదార్ల పక్షాన లేదు. వాళ్ల ముట్టడిని నెలల తరబడి తట్టుకున్న ఊరు అది. అచ్చయిన కాగితాలు వేసిన పగ ఏ ఊరి మీద పడుతుందో ఎవరూ చెప్పలేరన్నమాట.

ఇక మన నగరానికి వద్దాం. 1591 లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన హైదరాబాదు గురించి పదిహేడో శతాబ్దంలో బయటివాళ్లు రాసినవాటిలో ఎక్కువమంది చదివింది తావెర్నియే యాత్రా గ్రంథం. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి. మన కొల్లూరు గనుల దగ్గర అరవై వేల మంది పనిచేస్తున్నారని లోకానికి చెప్పినవాడు. పుస్తకం 1676 లో పారిస్‌లో అచ్చయింది. నగరంలో ఇరవై వేలకు పైగా వేశ్యలు దరోగా పుస్తకంలో నమోదై ఉన్నారనీ, వాళ్లవల్ల కల్లు అమ్మకం పెరిగి ఖజానాకు రాబడి వస్తుందనీ రాశాడు. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని కుతుబ్‌షాహీ నగరమంతా భోగలాలసమని తరువాతివాళ్లు ఎన్నో పేజీలు నింపారు. దరోగా పుస్తకాన్ని తావెర్నియే తిరగేశాడా? అలా అని ఆయన చెప్పలేదు. అది విన్న లెక్క.

అదే తావెర్నియే మక్కా మసీదు కట్టడం గురించి చెప్పేటప్పుడు వేరే మనిషిలా కనిపిస్తాడు. లోపలి గూటికి వాడిన ఒకే రాతిని గనిలో తొలవడానికి అయిదారు వందల మంది అయిదేళ్లు పనిచేశారనీ, దాన్ని పనిచోటికి లాగడానికి పధ్నాలుగు వందల ఎద్దులు పట్టాయనీ అంటాడు. ఇదీ ఆయన అడిగి తెలుసుకున్నదే కావచ్చు, కానీ ఎదుట రాయి ఉంది, సగం కట్టిన గోడ ఉంది. వ్యాపారి కన్ను బరువునూ ఖరీదునూ కొలిచేచోట నిక్కచ్చిగా ఉంటుంది. జనుల నడవడి దగ్గరికి వచ్చేసరికి సత్రంలో కబుర్లు వింటుంది. ఆ పుస్తకాన్ని చదివేటప్పుడు ఈ రెంటినీ విడదీసుకోవాలి. ఇంకొకటి కూడా గమనించదగ్గది. తావెర్నియే స్వయంగా ప్రొటెస్టెంటు. ఫ్రాన్సులో ఆ మతస్థులకు ఉన్న రక్షణ శాసనం 1685 లో రద్దయింది. ముసలితనంలో ఆయన దేశం విడిచి, 1689 లో మాస్కోలో చనిపోయాడు.

ఆ 1685 లోనే మొగలు సేనలు హైదరాబాదులో ప్రవేశించి నగరాన్ని దోచుకున్నాయి. తానీషా అని మనం పిలుచుకునే అబుల్ హసన్ గోలకొండ కోటలోకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు మార్చిలో మంత్రి మాదన్ననూ, అన్న అక్కన్ననూ గోలకొండ వీధిలో నరికి చంపారు. మాదన్న తలను మొగలుల శిబిరానికి పంపారు. ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1687 సెప్టెంబరులో కోట పడిపోయింది.

ఈ హత్య గురించి రాసినవారిలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు డేనియల్ హావర్ట్ అనే డచ్చివాడు. కోరమాండల్ తీరంలో కంపెనీ కొలువులో ఏళ్ల తరబడి ఉన్నాడు, పారసీ నేర్చి సాదీ కావ్యాన్ని డచ్చిలోకి తెచ్చాడు. తీరపు కథంతా 1693 లో గ్రంథంగా వేశాడు. మనుషుల్నీ ఊళ్లనూ ఎరిగినవాడు కాబట్టి ఆయన పుస్తకం విలువైనది. అయితే ఆయన యజమానులకు గోలకొండ దర్బారుతో పాత బాకీల తగాదా ఉంది. 1686 లో డచ్చివాళ్లు ఆ పేరు చెప్పి మచిలీపట్నాన్నే పట్టుకున్నారు. ఆ బాకీల విషయంలో తమకు అడ్డుపడినవారు ఈ అన్నదమ్ములే అని కంపెనీ భావన. అప్పులవాడి మంచితనం గురించి అప్పిచ్చినవాణ్ణి అడిగితే ఏం చెబుతాడో మనకు తెలియనిది కాదు.

రెండోవాడు ఖాఫీఖాన్. తరువాతి శతాబ్దంలో పారసీలో మొగలుల చరిత్ర రాశాడు. ఔరంగజేబు గోలకొండ మీద మోపిన నేరాల జాబితా అందులో ఉంది. రాజ్యం పగ్గాలు కాఫిరు చేతికిచ్చారు, సయ్యదులను తక్కువ చేశారు, శంభాజీకి లక్ష హొన్నులు పంపారు, తాగుడు మరిగారు. చదివితే ఇది మతయుద్ధమే అనిపిస్తుంది. కానీ అదే ఖాఫీఖాన్, సాటి ముస్లిముల మీద యుద్ధం ధర్మం కాదని చక్రవర్తి కొలువులోని షేక్-ఉల్-ఇస్లాం, ఖాజీ అడ్డు చెప్పిన సంగతీ దాచలేదు. పైగా కుతుబ్‌షాహీలు షియాలు. 1636 లోనే షాజహాను వాళ్ల ప్రార్థనలో పన్నెండుగురు ఇమాముల పేర్లు తీసేయించాడు. మాదన్న పైకి రావడానికి కిందికి తోసిన సయ్యద్ ముజఫర్ ఒకప్పుడు ఆయన యజమాని. గోలకొండ సేనాని మహమ్మద్ ఇబ్రహీం మొగలుల పక్షం చేరిపోయాడు. కోట తలుపు లోపలివాళ్లే తెరిచారు, ఒళ్లంతా గాయాలైనా అబ్దుల్ రజాక్ లారీ చివరిదాకా పోరాడాడు. హిందువు ఇటు, ముస్లిం అటు అని గీత గీస్తే వీళ్లెవరూ ఏ పక్కా ఇమడరు. మతం మాట అబద్ధమని నేను అనడం లేదు. మాదన్న బ్రాహ్మణుడు కావడం శత్రువులకు పనికొచ్చింది. అయితే డబ్బు, పదవి, పాత కక్ష అనే మాటలు కాగితం మీద అంత ఘనంగా కనిపించవు. మతం కనిపిస్తుంది. అందుకే అందరూ ఆ మాటే రాసుకున్నారు.

ఇప్పుడు కంచర్ల గోపన్న దగ్గరికి వద్దాం. పాల్వంచ పరగణా తహశీల్దారు, మన రామదాసు. ఆయన కీర్తనలను ఈ దృష్టితో మళ్లీ చదివాను. చెరసాలలో ఉన్న మనిషి కోపమంతా ఎవరి మీద? రాముడి మీద. ప్రాకారానికి ఇంత, సీతమ్మ చింతాకు పతకానికి ఇంత, భరతుడి పచ్చల పతకానికి ఇంత అని జమాఖర్చు చదివి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని దేవుణ్ణే నిలదీస్తాడు. వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టాను, ఏమనుకోకు అని వేడుకుంటాడు. డబ్లిన్ చేరిన కాందిశీకుల పట్టీలు నాకు ఇక్కడే గుర్తుకొచ్చాయి. నిజమైన బాధ లెక్కలు చెబుతుంది. తన బాధకు మరొకరి మతాన్ని కారణం చేయాలన్న ఆలోచన ఆ కీర్తనల్లో నాకు కనిపించలేదు. ఖజానా సొమ్ము వాడినందుకు సర్కారు జైల్లో పెట్టింది. అది ఆయనకూ తెలుసు.

జనం అల్లుకున్న కథ చూడండి. రామలక్ష్మణులు ఆరు లక్షల మొహరీలు చెల్లించడానికి వచ్చింది ఎవరింటికి? తానీషా పడకగదికి. పన్నెండేళ్లు చెరలో ఏడ్చిన భక్తుడికి దొరకని దర్శనం ముస్లిం నవాబుకు దొరికింది. ఇదెలా న్యాయమని అడిగేవాళ్లు ఉంటారని ఊహించి, జనమే పూర్వజన్మ కథ చెప్పారు. గోపన్న చిలకను పంజరంలో పెట్టాడట, తానీషా శివుడి అభిషేకం ఒక్కరోజు తక్కువ చేశాడట. చరిత్రగా దీన్ని ఒప్పుకోనక్కర్లేదు. విమర్శకుడిగా మాత్రం నేనిందులో ఒక తీర్పు చూస్తున్నాను. మన పెద్దవాళ్లు ఇద్దరినీ ఒకే కర్మ తక్కెడలో తూచారు. విలన్ వేషం ఎవరికీ ఇవ్వలేదు. భద్రాద్రి కల్యాణానికి సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో మొదలైందని ప్రతీతి. నిజాములు పంపారు, నేటి ప్రభుత్వమూ పంపుతోంది.

అటువంటి కథలోకి నేను ఆ డైలాగు ఎక్కించాను. టెంపుల్ చేసిన పని చిన్న ఎత్తున నేనూ చేశానని ఒప్పుకోవాలి. ఉన్నవాటిలోంచి భయంకరమైనవి ఆయన ఏరాడు. నేను అసలు లేనిదాన్ని కల్పించాను.

విన్న మాట ఎంత పని చేస్తుందో ఈ అహ్మదిలో ఉన్న పాతవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1990 ఆగస్టు రెండు తరువాతి వారాల్లో పూటకో పుకారు పుట్టింది. ఫలానా దారి మూసేశారు, ఫలానా వాళ్లను దించేశారు, ఫలానా జాతివాళ్లే చూపించి ఇచ్చారు. ఆ చివరి రకం మాటలు నమ్మి పక్కింటివాళ్లతో పలకడం మానేసిన కుటుంబాలు మన ఎరికలో ఉన్నాయి. అమ్మాన్ దాకా బస్సుల్లో పోయి, విమానాల్లో బొంబాయి చేరిన లక్షా డెబ్బై వేలమంది భారతీయుల్లో ఎవరికి ఎవరు రొట్టె పంచారో, నీళ్ల సీసా ఇచ్చారో, అది మనం చూసిన మాట. ఇన్నేళ్లయినా ఎవరూ దాన్ని కాదనలేదు.

డైలాగు కొట్టేశాను. దాని స్థానంలో తానీషా కొలువు సీను కొంచెం పెంచి, మాదన్న లెక్కలు చదువుతుంటే నవాబు విసుక్కునే ఘట్టం రాశాను. పిల్లలు నవ్వుతారు. కొత్త ప్రతి ఆ మిత్రుని ఇంటికి నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. చదివి, ఏమీ అనకుండా టీ ఇచ్చారు. వచ్చే శుక్రవారం సాయంత్రం రిహార్సల్ ఉంది. తానీషా కుర్చీ ఇంకెవరికీ ఇవ్వలేదు. పిల్లవాడు వస్తే నాటిక ఉంది, రాకపోతే ఈ ఏడు కీర్తనలు పాడించి సరిపెట్టుకుందామని నా మనవి. సభ్యులు తమ అభిప్రాయం ముఖతః చెప్పినా సరే, రాసి పంపినా సరే.