ఆవర్జా పుట నంబరు

మా ఆఫీసు వాట్‌గంజ్‌లో, రెండో అంతస్తులో. కిటికీ తెరిస్తే ఖిదిర్‌పూర్ డాకు వైపు వెళ్లే ట్రైలర్లు కనిపిస్తాయి. ఒక్కోదాని మీద ఒక్కో కంటైనర్. దాని తలుపు మీద కుడివైపు పైన నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, వాటి పక్కన చిన్న గడిలో ఒంటరిగా ఇంకో అంకె. గడిలోని అంకె ముందున్న పదింటినీ లెక్కగట్టి తేల్చింది. రాసేటప్పుడు ఒక అక్షరం తప్పు పడితే ఆ లెక్క దాదాపు ఎప్పుడూ కుదరదు, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. అసలు కంటైనర్ మాత్రం ఈ రోజు సింగపూర్ యార్డులో ఉంటుంది, పది రోజులకు మా డాకులో ఉంటుంది, ఆ తర్వాత నేపాల్‌లోని బీర్గంజ్‌లో ఉంటుంది. ఉన్న చోటు ఎన్నిసార్లు మారినా తలుపు మీద నంబరు మారదు. అందుకే మా కాగితాల్లో ఎవరూ "మూడో వరసలో ఆరో పెట్టె" అని రాయరు.

కలకత్తా రేవులో దిగే సరుకుకు కస్టమ్స్ కాగితాలు చేయడం మా పని. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్, డెలివరీ ఆర్డరు, ఇలా ఒక సరుకు వెంట పదీ పన్నెండు కాగితాలు నడుస్తాయి. ఒకప్పుడు వీటన్నిటినీ ట్యాగు దారంతో ఒకే ఫైల్లో కట్టేవాళ్లం. దారం ఉన్నంతకాలం ఏ కాగితానికి ఏది తోడో ఎవరూ అడగలేదు. ఇప్పుడు జాబ్ నంబరుకో ఫోల్డరు చొప్పున అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఉన్నాయి. అదే ఫోల్డరును విశాఖపట్నం ఆఫీసు వాళ్లూ తెరుస్తారు. 2016 తర్వాత నేపాల్ సరుకు విశాఖ రేవు నుంచి కూడా వెళ్తోంది కాబట్టి ఒకే పార్టీ సరుకు ఒకసారి ఇక్కడ దిగుతుంది, ఇంకోసారి అక్కడ దిగుతుంది. ట్యాగు దారం చేసిన పని ఇప్పుడు లింకు చేయాలి. లింకు పెట్టడం కూడా ఒక విద్యేనని, చేయి తిరగాలంటే కొన్నేళ్లు పడుతుందని ఈ వారం రాయాలనిపించింది.

మా నాన్న విజయనగరంలో ఒక బియ్యం కొట్లో గుమాస్తాగా చేసేవాడు. రాత్రి కొట్టు కట్టేశాక చిట్టాలో, అంటే రోజువారీ పుస్తకంలో, ఆ రోజు పద్దులన్నీ ఒక్కొక్కటిగా ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి, ఎక్కించేవాడు. ఎక్కించిన ప్రతి పద్దు పక్కనా చిట్టాలో ఆవర్జా పుట నంబరు వేసేవాడు. మళ్లీ ఆవర్జాలో చిట్టా పుట నంబరు వేసేవాడు. ఒకవైపు వేస్తే చాలదా అని అడిగాను. "రేపు ఎవడు ముందు ఏ పుస్తకం తీస్తాడో మనకేం తెలుసురా" అన్నాడు. అప్పటికి నాకు పదేళ్లు ఉంటాయేమో. ఆ మాట విలువ నాకు నలభై దాటాక, ఒక కంటైనర్ నాలుగు రోజులు ఆగిపోయాక తెలిసింది.

అది ఇలా జరిగింది. ఒక పార్టీకి నెల తిరక్కుండానే రెండో సరుకు వచ్చింది. సరుకు అదే, పంపినవాడూ అతనే. కొత్త జాబ్‌కు ఫోల్డరు కావాలి. మొదటి జాబ్ ఫైళ్లన్నీ ఎంచుకుని నకలు తీశాను, కొత్త ఫోల్డర్లో వేసి పేర్లు మార్చాను. అందులో ఒక ఇండెక్స్ షీటు ఉంటుంది. ఒక్కో కాగితానికి ఒక్కో లింకు. షీటుకు నకలు తీస్తే లోపలి లింకులు కూడా కొత్త ఫైళ్ల వైపు తిరుగుతాయని నమ్మాను. అవి తిరగవు. నకలులోని లింకు కూడా పాత ఫైలునే చూపిస్తుంది. విశాఖలో కుర్రాడు ఇండెక్స్‌లో ప్యాకింగ్ లిస్టు లింకు నొక్కాడు, పాత సరుకు లిస్టు తెరుచుకుంది. పార్టీ పేరు అదే కాబట్టి అనుమానం రాలేదు. అందులో ఉన్న బస్తాల లెక్కతో చెక్‌లిస్టు తయారుచేశాడు. నేను సరే అన్నాను. కస్టమ్స్ వాళ్లు లెక్క కుదరలేదని ప్రశ్న వేసేదాకా మాకు తెలియలేదు. దిద్దుబాటుకు నాలుగు రోజులు పట్టింది, కంటైనర్ ఆగినందుకు కట్టాల్సిన ఆ నాలుగు రోజుల డిటెన్షన్ డబ్బు పార్టీ నెత్తిన పడింది. ఆ కుర్రాడు ఫోన్లో, "అన్నయ్యా, లింకు పనిచేసింది కదా, తప్పెలా అవుతుంది?" అన్నాడు. తెరుచుకోని లింకును ఎవరైనా పట్టుకుంటారు. తెరుచుకుని వేరేదాన్ని చూపించే లింకే ప్రమాదం.

డ్రైవ్‌లో ప్రతి ఫైలుకూ అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి ఐడీ ఉంటుంది. బ్రౌజరు పైన అడ్రసులో చూడవచ్చు. పేరు మార్చినా, ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకు జరిపినా అది మారదు. కంటైనర్ తలుపు మీద నంబరు లాంటిదే. కంప్యూటర్లో ఎక్సెల్ ఫైళ్ల మధ్య పెట్టుకునే పాతకాలపు లింకు అలా కాదు. అది ఫలానా డ్రైవు, ఫలానా ఫోల్డరు అని దారి రాసుకుంటుంది. మధ్యలో ఒక ఫోల్డరు పేరు మారిస్తే దారి తెగుతుంది. అందుకని ఐడీ ఉన్న లింకు మేలు. కానీ దానికీ ఒక గండం ఉంది. పీడీఎఫ్‌ను దించుకుని, సరిదిద్ది, విడిగా మళ్లీ ఎక్కిస్తే అది కొత్త ఫైలు, దానికి కొత్త ఐడీ. పాత లింకు పాత కాగితాన్నే చూపిస్తుంది. సరిదిద్దిన కాగితాన్ని అదే ఫైలుకు కొత్త వర్షన్‌గా ఎక్కించాలి. అప్పుడు ఐడీ నిలుస్తుంది, లింకులన్నీ నిలుస్తాయి. మా ఆఫీసులో "ఫైనల్", "ఫైనల్ 2" అనే పేర్లు ఆ రోజు నుంచి మానేశాం.

కాగితాలు ఆన్‌లైన్లో తీసుకునే కస్టమ్స్ వాళ్ల ఈ-సంచిత్ ఇంకా కట్టుదిట్టం. కాగితం ఎక్కించగానే దానికో ఐఆర్‌ఎన్ అనే నంబరు వస్తుంది, కస్టమ్స్‌కు వేసే బిల్ ఆఫ్ ఎంట్రీలో ఆ నంబరే రాస్తాం. కాగితం మారితే నంబరూ మారుతుంది కాబట్టి ఏ కాగితం చూసి సంతకం పెట్టారో తర్వాత ఎవరూ కాదనలేరు. మాకు లింకు నిలవాలి, వాళ్లకు సాక్ష్యం నిలవాలి. రెండూ సబబే. ఎక్కడ ఏది కావాలో తెలిసి పెట్టుకోవడమే పనితనం.

ఇక నాన్న చెప్పిన రెండో వైపు సంగతి. ఇండెక్స్‌కు ప్యాకింగ్ లిస్టు తెలుసు, ప్యాకింగ్ లిస్టుకు ఇండెక్స్ తెలియదు. తనను ఎవరెవరు చూపిస్తున్నారో ఏ ఫైలుకూ తెలియదు. 1965లో హైపర్‌టెక్స్ట్ అన్న మాటను అచ్చులోకి తెచ్చిన టెడ్ నెల్సన్ లింకు రెండు వైపులా ఉండాలని జీవితమంతా వాదిస్తూ వచ్చాడు. ఇప్పుడు మనం వాడే లింకులు ఒకవైపువే. ఆ రోజు తెరుచుకున్న పాత లిస్టులో "ఇది ఫలానా జాబ్‌ది" అని ఒక్క ముక్క ఉండి ఉంటే ఆ కుర్రాడు అక్కడే ఆగేవాడు.

కాగితాల జంట విడిపోతే ఏమవుతుందో ఈ ఊరికి బాగా తెలుసు. ఏలూరి వాళ్లయిన కావలి సోదరుల సాయంతో సర్వేయరు కల్నల్ మెకంజీ మన ఊళ్ల చరిత్రలు చెప్పే కైఫీయత్తులు సేకరించి ఇక్కడికే తెచ్చాడు, 1821లో పోయాడు. 1828లో విల్సన్ అనే పండితుడు ఆ సేకరణకు కేటలాగు వేశాడు. ఆ సేకరణలో కొంత లండన్ చేరింది, కొంత మద్రాసు చేరింది. ఇవాళ ఒక ఊరి కైఫీయత్తు తెలుగు ప్రతి చెన్నైలోనూ ఇంగ్లీషు అనువాదం లండన్‌లోనూ వెతుక్కునే పరిశోధకులను తలచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. మెకంజీ సమాధి మా ఆఫీసుకు దూరమేమీ కాదు, పార్క్ స్ట్రీటులోనే ఉంది.

ఫైలు ఎవరి పేరున ఉందన్నది ఇంకో చిక్కు. మనిషి ఉద్యోగం మానేసి వెళ్తే, అతని ఖాతా తీసేస్తే, అతని పేరున ఉన్న ఫైళ్లూ పోయే ప్రమాదం ఉంది. అందుకే అన్నీ ఆఫీసు పేరున షేర్డ్ డ్రైవ్‌లోకి మార్చాం. లింకు ఇచ్చినంత మాత్రాన తెరిచే హక్కు రాదు కాబట్టి, ఏది పంపినా ముందు వేరే ఖాతాతో ఒకసారి తెరిచి చూస్తాను.

మళ్లీ ఆ రెండో వైపు లింకు సంగతికి వస్తే, పీడీఎఫ్ లోపల మనం అలాంటివి రాయకూడదు. అయితే డ్రైవ్‌లో ఫైలు వివరాలు తెరిస్తే కింద వివరణ రాసే చోటు ఒకటి ఉంటుంది. అందులో జాబ్ నంబరు, ఇండెక్స్ లింకు వేయమని విశాఖ కుర్రాడికి చెప్పాను. షీటు అయితే మొదటి వరసలోనే. పాత జాబ్‌లతో సహా చేయడానికి అతనికి మూడు వారాలు పట్టింది. మొన్న శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి, "అన్నయ్యా, అయిపోయింది, ఏదో ఒకటి తీసి చూడు" అన్నాడు. నాలుగు రోజులు ఆగిన ఆ కంటైనర్ ప్యాకింగ్ లిస్టే తీశాను. వివరణలో ఉన్న లింకు తెరిస్తే ఇండెక్స్ వచ్చింది. ఇండెక్స్‌లో లింకు నొక్కితే మళ్లీ అదే లిస్టు వచ్చింది.