వచ్చిపోయే రోగం

సోమవారం మిట్టమధ్యాహ్నం వేములవాడ పక్కనున్న నాంపల్లి గుట్ట నాలుగుసార్లు ఎక్కి దిగాను. మొక్కు ఉండి కాదు. మా అల్లుడి ఎర్ర కారులో పక్క సీట్లో కూర్చుని, ఒళ్లో మల్టీమీటరు పెట్టుకుని, దాని అంకెల మీంచి చూపు తిప్పకుండా ఎక్కాను. నాలుగోసారి పైన బండి ఆపాక అల్లుడు రాజన్న గుడి దిక్కు తిరిగి చేతులు జోడించాడు. రెండు నెలల తర్వాత ఆ పిల్లాడి ముఖం తేటపడింది. ఈ వారం నాకు ఇంతకంటే సంతోషమైన సంగతి లేదు. దాని గురించే రాస్తాను.

అల్లుడు ఎనిమిదేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చాడు. ఇల్లు కట్టాడు, చెల్లెలి పెళ్లి చేశాడు, మిగిలిన డబ్బుతో హైదరాబాదులో ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు, నేలకు ఆనినట్టుండే ఒళ్లు. మా ఊరి స్పీడు బ్రేకర్లను ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించాల్సిందే. కొన్న మర్నాడే గుడి ముందు నిలిపి పూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు నలిగి నెల తిరగలేదు, గేరు మొరాయించడం మొదలైంది.

రోగం ఎలాంటిదంటే, వేములవాడ నుంచి కరీంనగర్ పోయినన్నాళ్లు ఏమీ ఉండదు. హైదరాబాదు పోతే సిద్దిపేట దాటాక, గంట పైన నడిచాక, ఏదైనా ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కితే ఒక్క కుదుపు వస్తుంది. గేరు అంకె ఉండే చోట ఎర్ర దీపం మిణుకుమంటుంది. ఇంజను అరుస్తుంది, చక్రాలకు మాత్రం బలం అందదు. పక్కకు తీసి, ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ తాళం తిప్పితే ఏమీ జరగనట్టే పోతుంది. నగరంలో ఒక పెద్ద వర్క్‌షాపులో ఇచ్చాడు. నాలుగు రోజులు ఉంచుకున్నారు. అక్కడ ఒక్కసారీ రాలేదు. రెండోసారి ఇస్తే, స్కానర్ గేరుబాక్సు పేరే చెబుతోందని, మొత్తం మార్చాలని, నాలుగు లక్షల ఎనభై వేలు అవుతుందని కాగితం చేతిలో పెట్టారు. "మారిస్తే మళ్లీ రాదని రాసిస్తారా?" అని అడిగితే రాసివ్వలేమన్నారు.

ఆ కాగితం చూసి నాకు ఒళ్లు మండింది. ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా వాదన కంఠతా వచ్చు: సామాను మార్చడం వేరు, బాగుచేయడం వేరు. ఏది చెడిందో తెలియకుండా ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవడం రోగం తెలియకుండా సూదులు వేయడం లాంటిది. యంత్రం ముందు కూర్చుని చెవి ఒగ్గేవాడే మెకానిక్ అని, స్కానర్ వచ్చాక ఆ చెవి పోయిందని ఎన్నిసార్లు రాశానో. అలా రాసిన ప్రతిసారీ సిరిసిల్ల సాంచా కథ చెప్పాను. ఈసారి కూడా చెప్పక తప్పదు, కారణం చివర తెలుస్తుంది.

మా బాపు సిరిసిల్లలో నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. భీవండి పోయి మరమగ్గం పని నేర్చి తిరిగివచ్చిన తరం ఆయనది. నాలుగింటిలో రెండో సాంచా ఒక ఎండాకాలం మొండికేసింది. పొద్దంతా బాగానే నేసేది. దీపాలు పెట్టే వేళకు 'ఢబ్' మని ఆగిపోయేది. నాడె అవతలి పెట్టెలోకి సమయానికి చేరకపోతే సాంచా తనంతట తాను ఆగుతుంది. ఆగకపోతే దారాల మధ్య ఇరుక్కున్న నాడె పడుగు మొత్తాన్ని తెంపేస్తుంది. ఆగడం దాని తప్పు కాదు, అది చెప్పే మాట. బాపు నాడెను కొట్టే కట్టె మార్చాడు. తోలు పట్టీ మార్చాడు. కొత్త నాడె తెచ్చాడు. తెల్లారి చక్కగా నేసేది, బాగైందనుకునేవాళ్లం. సాయంత్రం మళ్లీ 'ఢబ్'.

చివరికి సాంచాలు బాగుచేసే మేస్త్రిని పిలిచాడు. ఆయన పానా కూడా బయటికి తీయలేదు. మధ్యాహ్నం వచ్చి, కండెలు చుట్టే అమ్మ పక్కన గోనెపట్టా వేసుకుని కూర్చున్నాడు. మూడు రోజులు అలాగే వచ్చాడు, చీకటి పడేదాకా కూర్చున్నాడు, వెళ్లాడు. నాలుగు సాంచాల మోతలో రెండోదాని చప్పుడు ఒక్కటే వింటున్నాడని బాపు నాతో గుసగుసగా చెప్పాడు. మూడో సాయంత్రం లేచి, "సాంచాకు రోగం లేదు, మోటారుకు తిండి సాలుతలేదు" అన్నాడు. ఊళ్లో దీపాలు, మోటార్లు అన్నీ ఒక్కసారి మొదలయ్యే వేళకు వోల్టేజీ పడిపోయేది. రెండో సాంచాది చుట్టించిన పాత మోటారు, నాలుగింటిలో ముందు నీరసపడేది అదే. వేగం ఒక్క పిసరు తగ్గితే చాలు, నాడె ఆలస్యంగా చేరుతుంది. మేం కట్టెను, తోలును, నాడెను తిట్టుకుంటున్నాం.

చెవి గొప్పతనానికి నాకు ఈ కథే సాక్ష్యం. అందుకే అల్లుణ్ని మా ఊరి మేస్త్రి దగ్గరికి తీసుకుపోయాను. జీపులు, ట్రాక్టర్లు, లారీల మీద నలభై ఏళ్లు పనిచేసిన చేతులు. ఆయన అడిగిన మొదటి మాటకే నా ప్రాణం లేచివచ్చింది: "తమ్మీ, ఎప్పుడొస్తది, యాడొస్తది, ఎంతసేపుంటది? యాది చేసుకొని చెప్పు." అల్లుడు తడబడ్డాడు. "గయితే ఓ నోట్‌బుక్కు పెట్టు. వచ్చినప్పుడల్లా రాయి" అన్నాడు. పదిహేను రోజుల్లో అయిదుసార్లు వచ్చింది. అయిదింటినీ అల్లుడు రాశాడు: టైము, ఎండ, ఏ గేరు, ఎక్కుడా దిగుడా, ఏసీ నడుస్తోందా, లైట్లు వేసి ఉన్నాయా.

ఆ తర్వాత మేస్త్రి కారెక్కి, కళ్లు మూసుకుని, పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించి విన్నాడు. "మూడో గేరుల ఏడుస్తంది. లోపట బేరింగు పోయింది. బాక్సు దించాలె" అన్నాడు. నా గుండె జారింది. నగరంలో చెప్పిన మాటే ఇక్కడా వినపడింది. తేడా ధర ఒక్కటే.

దించే ముందు ఆయన కొడుకు అడ్డం వచ్చాడు. పాలిటెక్నిక్ చదివిన పిల్లాడు. "బాపూ, ఒక్కసారి నన్ను సూడనియ్యి" అని స్కానర్ పెట్టాడు. వర్క్‌షాపు వాళ్లు గేరుబాక్సు కోడ్ దగ్గర ఆగిపోయారు. ఈ పిల్లాడు మిగతావన్నీ తెరిచాడు. గేరుబాక్సు గోల పెట్టిన అదే క్షణంలో బ్రేకుల కంప్యూటరు గోల పెట్టింది, స్టీరింగు కంప్యూటరు గోల పెట్టింది. అన్నింటిదీ ఒకటే మాట, కరెంటు తగ్గింది. "బేరింగు పోతే స్టీరింగు ఎందుకు ఒర్రుతది బాపూ?" అన్నాడు. మేస్త్రి స్క్రూడ్రైవరు కింద పెట్టి, అల్లుడి నోట్‌బుక్కు మళ్లీ చదివాడు. అయిదుసార్లలో అయిదుసార్లూ ఏసీ నడుస్తోంది. మూడుసార్లు లైట్లు కూడా ఉన్నాయి.

ఈ బాక్సు సంగతి కొంచెం చెప్పాలి. ఇందులో రెండు క్లచ్చులు ఉంటాయి. ఒకటి, మూడు, అయిదు గేర్లు ఒకదాని మీద. రెండు, నాలుగు, ఆరు ఇంకోదాని మీద. మూడులో పోతుండగానే నాలుగు కాచుకుని కూర్చుంటుంది, అందుకే మార్పు రెప్పపాటులో అయిపోతుంది. 1980లలో పోర్షే దీన్ని రేసు కార్లలో నడిపి చూసింది. ఆ పట్టువిడుపులన్నీ చేసేది నూనె ఒత్తిడి. ఆ నూనెకు దారి తెరిచేవి కరెంటు మీద పనిచేసే చిన్న వాల్వులు. వోల్టేజీ సరిపోకపోతే కంప్యూటరు సాహసం చేయదు, క్లచ్చు వదిలేస్తుంది. సాంచా తనంతట తాను ఆగినట్టే.

ఇది మా అల్లుడి కారు ఒక్కదానికే పట్టిన పీడ కాదు. 1989లో ఫార్ములా వన్ రేసుల్లో ఫెరారీ కోసం డిజైనరు జాన్ బర్నార్డ్ స్టీరింగు వెనక మీటలతో గేరు మార్చే కారు తయారుచేశాడు. పరీక్షల్లో అది పదే పదే ఆగిపోయేది. మార్చి 26న బ్రెజిల్ రేసు పూర్తిచేస్తుందని నమ్మకం లేక డ్రైవరు నైజెల్ మాన్సెల్ తిరుగు విమానం ముందే చూసుకున్నాడని చెబుతారు. ఆ రోజు గెలిచాడు. తర్వాత వరుసగా మూడు రేసుల్లో గేరుబాక్సు పేరు మీదే ఆగిపోయాడు. లోకమంతా ఆ కొత్త గేరుబాక్సును తిట్టింది. అసలు దొంగ వేరే చోట ఉన్నాడు: ఇంజను వణుకుకు ఆల్టర్నేటరు బెల్టు జారిపోయేది, కరెంటు అందక గేర్లు చచ్చుబడేవి. కీలెరిగి వాత పెట్టాలని మన పెద్దలు అన్నారు. కుంటేది కాలు, కీలు మరెక్కడో.

ఇక మేస్త్రి వంతు. కరెంటు ఎందుకు తగ్గుతోందో స్కానర్ చెప్పదు. బ్యాటరీ బాగుంది, ఆల్టర్నేటరు బాగుంది. "ట్రాక్టరుకైతే నేను మొదలు ఎర్తు సూస్త" అన్నాడు మేస్త్రి. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, బాడీ నుంచి గేరుబాక్సుకు రాగి అల్లిక పట్టీలు ఉంటాయి. పోయిన కరెంటు తిరిగిరావాల్సిన దారి అదే. మీటరు ఒక తీగ బ్యాటరీ మైనస్ మీద, ఇంకొకటి గేరుబాక్సు ఒంటి మీద పెట్టాడు. దారి బాగుంటే అంకె సున్నాకు అంటిపెట్టుకుని ఉండాలి. చల్లటి బండి మీద అలాగే ఉంది. పొడవాటి తీగలు జోడించి కిటికీలోంచి లోపలికి తెచ్చి, ఏసీ, లైట్లు వేసి, ఇంజను బాగా కాగాక నాంపల్లి గుట్ట ఎక్కించాం. రెండో మలుపు దగ్గర అల్లుడు తొక్కగానే అంకె ఒకటిన్నర వోల్టు దాటింది. ఎర్ర దీపం వెలిగింది. రెండు నెలలుగా తప్పించుకు తిరిగినది మా కళ్లముందు దొరికింది.

పట్టీ విప్పితే పైన తొడుగు చెక్కుచెదరలేదు. లోపల పోగులు తెగిపోయి, నాలుగైదే మిగిలాయి. బిగించిన చోట ఎవరో పాత రోజుల్లో రంగు మీదే బోల్టు వేశారు. కింద పచ్చటి చిలుము. బండి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను తన దిండ్ల మీద ఒరుగుతుంది, పట్టీ సాగుతుంది, ఆ మిగిలిన పోగులూ అంతంతమాత్రంగా తాకుతాయి. ఆపి పది నిమిషాలు ఆగితే ఇంజను నిలబడుతుంది, పోగులు కలుస్తాయి, రోగం మాయం. కొత్త పట్టీ మూడు వందల యాభై రూపాయలు. రంగు గీకి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాసెలిన్ పూశాడు. మూడో గేరు ఏడుపేమో టైరు అరుగుదలది, అసలు బాక్సుదే కాదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సిరిసిల్ల సాంచా మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి మొత్తం గుర్తొచ్చింది. గోనెపట్టా మీద కూర్చున్న ఆ మేస్త్రి సాంచా వైపు చూడలేదు. తల పైకెత్తి, దాని మీద వేలాడే బల్బును చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం అది పసుపు తిరగడం, ఆ వెంటనే 'ఢబ్' మనడం మూడు రోజులు చూశాకే లేచాడు. ఆ బల్బే ఆయన మీటరు. ఇన్నేళ్లూ ఈ కథ చెబుతూ నేను చెవిని పొగిడాను, బల్బును వదిలేశాను. చెవి గొప్పదే, కానీ తాను వినడానికి అలవాటుపడ్డదాన్నే వింటుంది. స్కానర్ అబద్ధం చెప్పలేదు, వర్క్‌షాపులో దాన్ని సగమే చదివారు. మా మేస్త్రి చెవి తప్పింది, ఆయన అడిగిన ప్రశ్న తప్పలేదు. వచ్చిపోయే రోగానికి కావాల్సింది అది వచ్చేదాకా దాని పక్కన కూర్చునే మనిషి. చేతిలో ఏది ఉన్నా సరే.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఆ మేస్త్రి వెళ్లే ముందు రెండో సాంచా మోటారును నాలుగోదానికి, నాలుగోదాన్ని రెండోదానికి మార్చాడు. మర్నాడు సాయంత్రం నాలుగో సాంచా 'ఢబ్' మని ఆగింది. బాగున్న సాంచా ఆగిపోతే బాపు ఎందుకు నవ్వాడో నాకప్పుడు అర్థం కాలేదు.

సోమవారం కొత్త పట్టీతో నాలుగోసారి గుట్ట ఎక్కి దిగాక కారును షెడ్డుకు తెచ్చాం. మేస్త్రి కొత్త పట్టీ విప్పి, పాతది మళ్లీ బిగించాడు. "పో తమ్మీ, ఇంకోసారి ఎక్కు" అన్నాడు. అయిదోసారి అదే మలుపు దగ్గర కుదుపు వచ్చింది, ఎర్ర దీపం మిణుకుమంది, ఇంజను అరిచింది, బండి ఆగిపోయింది. అల్లుడు స్టీరింగు మీద చెయ్యి వేసి నా వైపు చూసి నవ్వాడు. అచ్చం బాపు నవ్వే.