ఎవరి శ్రుతిలో వాళ్లు

సంగీతం నేర్చుకోవాలని కొత్తగా ఎవరైనా వస్తే గురువు ముందుగా శ్రుతి చూస్తారు. తంబురా మీటి, కింద మంద్ర పంచమం దాకా దిగమంటారు. పైన తారస్థాయి షడ్జమం దాటి గాంధారం దాకా ఎక్కమంటారు. ఆ రెండు కొసల్లోనూ గొంతు బిగుసుకోకుండా ఉండాలంటే ఆధార షడ్జమం ఎక్కడ పెట్టాలో అప్పుడు తేలుస్తారు. ఆ చోటును అంకెలతో చెబుతారు: మగవాళ్లకు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు. ఆడవాళ్లకు నాలుగున్నర, ఐదు, ఐదున్నర. ఈ అంకెల్లో గొప్పలూ తక్కువలూ లేవు. రెండు శ్రుతిలో పాడేవాడు ఒకటి శ్రుతిలో పాడేవాడికంటే గొప్ప విద్వాంసుడేమీ అయిపోడు. ఎవరి గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో అదే వాళ్ల చోటు.

ఏళ్ల తరబడి పాడుకుంటూ, పిల్లలకు చెబుతూ వచ్చాక నాలో గట్టిపడిన నమ్మకం ఒకటుంది. మనిషికి తన మీద తనకు నమ్మకం కలగడం కూడా ఇలా శ్రుతి చూసుకోవడంతోనే మొదలవుతుంది. తన హద్దు ఎరగనివాడి ధైర్యం పై షడ్జమం వచ్చేదాకానే.

పోటీకో, గుడిలో కచేరీకో పిల్లలు వెళుతుంటే ఇంట్లో అందరూ ఒకే మాట చెబుతారు: "భయపడకు, నువ్వు పాడగలవు." ప్రేమతో చెప్పే మాటే. కానీ వేదిక ఎక్కాక పట్టుకోవడానికి ఆ మాటలో ఏమీ ఉండదు. అందుకే నేను నా దగ్గరికొచ్చే పిల్లల్ని "దేనికి భయం?" అని అడుగుతాను. ఒకరు రెండో చరణంలో సాహిత్యం మరిచిపోతానేమో అంటారు. ఇంకొకరు పైకి వెళ్లేచోట ఊపిరి చాలదంటారు. మరొకరు జనం తననే చూస్తుంటే తాళం పరుగెడుతుందంటారు. మొదటి బిడ్డకు వల్లె వేయించాలి. రెండో బిడ్డకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తు పెట్టివ్వాలి. మూడో బిడ్డను చుట్టాల ముందు నాలుగైదుసార్లు కూర్చోబెట్టి పాడించాలి. అందరినీ కలిపి "భయపడకు" అంటే ఏ ఒక్కరికీ మందు వేసినట్టు కాదు.

సాధనలో నేను తప్పనిసరి చేసిన పని, పాడింది ఫోనులో రికార్డు చేసుకుని వినడం. మొదటిసారి విన్న ప్రతివాళ్లూ "ఇది నా గొంతేనా?" అంటారు. దానికి కారణం ఉంది. మనం పాడేటప్పుడు మన స్వరం గాలిలోంచే కాక తల ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది. అందుకే మనకు మన గొంతు నిండుగా వినిపిస్తుంది. రికార్డులో ఉన్నది ఎదుటివాళ్లు వినే గొంతు. అది విని "ఛీ, బాగాలేదు" అనేస్తే ఏమీ తెలుసుకోనట్టే. "బ్రహ్మాండం" అన్నా అంతే. అవరోహణలో ధైవతం కాస్త దిగింది, రెండో కాలంలో జంటస్వరం రెండో దెబ్బ పడలేదు, మంద్రస్థాయి మాత్రం నిలకడగా ఉంది అని విడివిడిగా చెప్పుకోగలగాలి. ఆ మూడో మాట చాలామంది వదిలేస్తారు. మన ఇళ్లలో పొగిడితే దిష్టి తగులుతుందని, తమ గురించి తాము మంచి చెప్పుకోవడం గర్వమని పిల్లలకు నేర్పేశాం. తనలో నిలకడగా ఉన్నదేదో తెలియకపోతే తడబడినప్పుడు ఎక్కడికి వచ్చి ఆగాలో కూడా తెలియదు.

ఇలా లెక్క చూసుకున్నవారికి ఉదాహరణ గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. తాను శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని ఎన్నో వేదికల మీద దాపరికం లేకుండా చెప్పారు. 1980లో విడుదలైన 'శంకరాభరణం' సినిమాలో శంకరశాస్త్రి పాత్రకు పాటలు పాడమన్నప్పుడు వెనుకాడారు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్‌కు సహాయకుడైన పుహళేంది దగ్గరుండి ఆయనకు నేర్పారు. ఆ సినిమాతోనే బాలుకు ఉత్తమ గాయకుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. ఆ వెనుకాడటాన్ని నేను పిరికితనం అనను. అందులో లెక్క స్పష్టంగా ఉంది. శాస్త్రం చదువుకోలేదు, కానీ విన్నది విన్నట్టు పట్టే చెవి ఉంది, భావం పలికే గొంతు ఉంది. లేనిది నేర్చుకోవడానికి కూర్చున్నారు, ఉన్నదాన్ని నమ్ముకుని పాడారు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఈ నమ్మకం గురించే ఒక సిద్ధాంతం చెప్పారు. 'ఈ పని నేను చేయగలను' అనే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నారు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాళ్లు నెగ్గడం చూడటం, ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం, ఒంట్లో కలిగే అలజడిని తాను అర్థం చేసుకునే తీరు. అన్నిటిలోకీ బలమైనది మొదటిదేనన్నారు. పాటలో నాకు ఇది రోజూ కనిపిస్తుంది. నిన్న జారిన ధైవతం ఇవాళ తంబురాలో కలిసిపోయిందని సొంత చెవితో విన్న పిల్లకు ఇంకెవరి మెప్పూ అక్కర్లేదు. కచేరీకి ముందు గుండె దడదడలాడటం ఆ పిల్లకూ తప్పదు. కాకపోతే మొదట పాడే వర్ణం అనుపల్లవికి చేరేసరికి అది సర్దుకుంటుందని తనను తాను గమనించుకోవడం వల్ల తెలుసు. అందుకని దడ పుట్టినా పాట ఆపదు.

మీరు పాడేవారు కాకపోవచ్చు. పాఠం చెబుతుండవచ్చు, దుకాణం నడుపుతుండవచ్చు, ఇంటర్వ్యూకు సిద్ధమవుతుండవచ్చు. ఈ వారం ఒక కాగితం తీసుకుని మీ పనిలో మీకు నిలకడగా వచ్చేది ఒకటి, జారేది ఒకటి రాయండి. 'నాకు ఇంగ్లీషు రాదు' లాంటి తీర్పులు వద్దు. 'రాయగలను, ఎదురుప్రశ్న వేస్తే మాట తడబడుతుంది' అన్నంత కచ్చితంగా రాయండి. జారేదాన్ని మాత్రమే రోజూ కాసేపు సాధన చేయండి. కొన్నాళ్లకు "నీ వల్ల అవుతుందా?" అని ఎవరైనా అడిగితే, ఎంతవరకు అవుతుందో తడుముకోకుండా చెప్పగలుగుతారు. ఆ జవాబులో ఉన్న ధైర్యాన్ని ఎవరూ మీ దగ్గర్నుంచి తీసుకోలేరు.